కనుమ దాటని పాస్‌వర్డులు

"ఈ పని ఆ అమ్మాయిదే" అన్నాడు ఎర్నిస్ దోరోన్‌బెకోవ్. మేమింకా గడప దగ్గర బూట్లు విప్పుతూనే ఉన్నాం.

పలకరింపు కూడా లేకుండా నేరస్థుడి పేరు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. పోలీసు ఉద్యోగం చేసినన్నాళ్లూ అలాంటి అధికారుల వెనకాలే తిరిగి, విసిగిపోయి, చివరికి ప్రైవేటు పరిశోధన చేసే ఊల్కాన్ అక్క దగ్గర చేరాను. కారు నడపడం, తలుపులు తట్టడం, ఎవరైనా గొంతు పెంచితే అక్క పక్కన నిలబడటం నా వంతు. బుర్ర పని అక్కది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, తాడు కట్టిన కళ్లద్దాలు. చూసినవాళ్లు బడి పంతులమ్మ అనుకుంటారు. అలా అనుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు జైల్లో ఉన్నారు.

"ముందు కూర్చోనీ తమ్ముడూ" అంది అక్క. "టీ తాగాక చూద్దాం ఎవరి పనో."

టీకి టైం లేదన్నాడు ఎర్నిస్. ఆ ఒక్క మాటలో మాత్రం నిజముంది. అప్పటికి మధ్యాహ్నం ఒంటి గంట కావస్తోంది.

సంగతి ఇదీ. నరిన్‌లో ఉన్న ఈ కోక్-బెల్ పచ్చికల సంఘానికి ఒక వెబ్‌సైటు ఉంది. వేసవి మేతకి మందల్ని తోలుకుని కొండలెక్కిన ప్రతి కాపరి కుటుంబానికీ అందులో ఒక ఖాతా. ఇవాళ సాయంత్రం ఆరులోగా ఎవరి పాస్‌వర్డుతో వాళ్లు లోపలికెళ్లి తమ మేతభూమి వాటా ఖరారు చేసుకోవాలి. చేసుకోనివాడి వాటా రేపు వేలానికి పోతుంది. గడువు పైవాళ్లు పెట్టింది కాబట్టి సంఘం దాన్ని జరపలేదు. అలాంటి రోజు పొద్దున తొమ్మిదీ పదికి ఆరు వందల పన్నెండు ఖాతాల పాస్‌వర్డులూ ఒక్క దెబ్బతో మారిపోయాయి. కొండల మీద సిగ్నల్ దొరికే బండరాళ్లెక్కి ఎవరు ఎంత ప్రయత్నించినా తలుపు తెరుచుకోవడం లేదు.

సైటు చూసుకునేది ఐజిరెక్. ఇరవై ఆరేళ్ల పిల్ల. తలకి రుమాలు కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని మూలన కుర్చీలో కుక్కిన పేనులా కూర్చుని ఉంది. ఆమె మామగారే సంఘం అధ్యక్షుడు జుమాగాజి. మమ్మల్ని పిలిపించింది ఆయనే. కొండంత మనిషి, నెత్తిన కల్పాక్ అనే తెల్ల ఫెల్టు టోపీ, బిగించిన దవడ. "మా కోడలు కావాలని చేసిందో లేదో తేల్చమ్మా. చేసుంటే నా చేతుల్తో నేనే అప్పగిస్తాను" అని ఫోన్లో చెప్పాడట. ఇక్కడ మాత్రం కోడలి వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఎర్నిస్ సైటు భద్రత చూసే, రాజధాని బిష్కెక్‌లోని కంపెనీ మనిషి. జుట్టుకి నూనె, చేతికి రెండు ఫోన్లంత గడియారం. తన రుజువులు గడగడా అప్పజెప్పాడు. ఆదేశం వెళ్లింది ఐజిరెక్ కంప్యూటర్ నుంచి. నొక్కింది తనేనని ఆమే ఒప్పుకుంది. ఎందుకు నొక్కావంటే మాత్రం నోరు విప్పదు. అంతకంటే ఏం కావాలి? ఆరింటికి పోలీసు కెప్టెన్ వచ్చి తీసుకెళ్తాడు, చెప్పేశాను అన్నాడు.

"పాత పాస్‌వర్డుల కాపీ ఉండదా?" అని అడిగింది అక్క.

ఉండేదన్నాడు. సైటు రోజుకోసారి తొమ్మిదిన్నరకి తన కాపీ తనే తీసుకుంటుంది, నిన్నటి కాపీ మీదే ఇవాళ్టిది కూర్చుంటుంది. అంటే చెడిపోయిన ఇరవై నిమిషాలకి మంచి కాపీ కూడా చెడిపోయిందన్నమాట. ఇక అందరికీ కొత్త పాస్‌వర్డులివ్వడమే దారి, అందుకు ప్రతి కాపరీ పాస్‌పోర్టు పట్టుకుని ఈ ఆఫీసుకి రావాలన్నాడు. కొండ దిగి రావడానికి కొందరికి రెండు రోజులు పడుతుంది, ఈలోగా వాటాలు పోతాయి కదా అంటే, నేనేం చెయ్యను అని చేతులు దులుపుకున్నాడు.

"అయినా వీళ్లవి పాస్‌వర్డులా? ప్రతివాడూ గుర్రం పేరే పెట్టుకుంటాడు" అని నవ్వాడు కూడా.

నా పాస్‌వర్డు కూడా గుర్రం పేరే. నేను నవ్వలేదు.

"నువ్విక్కడికి ఎన్నింటికి వచ్చావు?" అంది అక్క.

"పదీ అయిదుకి. తొమ్మిదీ నలభైకి ఫోన్ చేశారు."

నేను ఆగలేకపోయాను. "బిష్కెక్ నుంచి దోలోన్ కనుమ ఎక్కి దిగి పాతిక నిమిషాల్లో వచ్చావా? ఆ కారేదో నాకూ చెప్పు, నేనూ కొనుక్కుంటాను."

ఎర్నిస్ కొద్దిగా కూడా తొణకలేదు. మేనల్లుడి పెళ్లి విందుకి నిన్ననే ఊళ్లోకి దిగానన్నాడు. అక్క తలూపి ఊరుకుంది. ఆవిడ తలూపడానికీ నమ్మడానికీ చాలా దూరం ఉంటుందని నాకు తెలుసు.

"ఇంకొక్కటి చెప్పు. మారిన పాస్‌వర్డులు ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉన్నాయా?"

"లేదు. అందరిదీ ఒకటే."

"ఒకటే అంటే?"

విసుక్కుంటూ చెప్పాడు. పాస్‌వర్డుని సైటు ఉన్నదున్నట్టు దాచుకోదు, గిలక్కొట్టి ఎవరికీ అర్థం కాని అక్షరాల ముద్దగా దాస్తుంది. ఇప్పుడు ఆరు వందల పన్నెండు ఖాతాల్లోనూ ఒకే ముద్ద ఉంది.

"అంటే ఒక్క తాళంచెవితో ఆరు వందల తలుపులూ తెరుచుకుంటాయన్నమాట" అంది అక్క. "గుర్రాల దొంగ మందనంతా తోలుకుపోతాడు గానీ, అన్నిటికీ ఒకే ముద్ర వేసి ఉన్నచోటే వదిలేసి పోడు కదా తమ్ముడూ. ఎవరో ఒక్కరికి పాస్‌వర్డు మార్చబోయారు. అది ఒలికి అందరి మీదా పడింది. ఆ ఒక్కరూ ఎవరో తెలిస్తే చాలు."

కిటికీ దగ్గర జుమాగాజి దగ్గాడు. ఐజిరెక్ తల ఇంకా వంచుకుంది.

అక్క ఆ పిల్లని పక్కగదిలోకి తీసుకెళ్లింది. నన్ను తలుపు దగ్గర నిలబెట్టింది. గోడకి వసంతంలో జరిగిన సంఘం సభ ఫోటో ఒకటి పెద్దది వేలాడుతోంది, వరసగా కూర్చున్న పెద్దలతో. అక్క నేరం ఊసే ఎత్తలేదు. మోకాలు రుద్దుకుంటూ, "ఇందులో ఎవరెవరో చెప్పమ్మా, నాకు ముఖాలు గుర్తుండవు" అంది.

ఐజిరెక్ గొంతు సవరించుకుని ఎడమ నుంచి చెప్పుకుంటూ వచ్చింది. ఈయన సాపర్‌అలీ, ఈయన తుర్గున్‌బాయ్, ఈయన పశువుల డాక్టరు ముకాష్. మధ్యలో తెల్ల కల్పాక్ పెట్టుకున్న మనిషి దగ్గరికి రాగానే, "మా ఇంటి పెద్దాయన" అని పక్కాయన మీదకి దూకింది.

"పెద్దాయనకి పేరు లేదా?"

"ఉంది."

"చెప్పు మరి."

ఆ పిల్ల మొహం కందిపోయింది. కోడలు మామగారి పేరు ఎలా పలుకుతుంది అన్నట్టు నా వంక చూసింది. మా ఆవిడా అంతే. మా నాన్న పోయి పదకొండేళ్లయినా ఇప్పటికీ ఆయన పేరు ఆవిడ నోట రాదు. ఆయన పేరే పెట్టిన మా అన్న కొడుకుని 'ఒరే పొడుగోడా' అని పిలుస్తుంది.

"నోటితో పలకవు సరే. వేళ్లతో కొడతావా?" అని చాలా మెల్లగా అడిగింది అక్క.

ఐజిరెక్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"ఎవరికో మాటిచ్చావు, అందుకే చెప్పడం లేదు. నువ్వు చెప్పకు, నేనే చెప్పుకుంటాను" అని అక్క లేచింది. ఆ పిల్ల తల మీద ఒకసారి చెయ్యి వేసి బయటికి వచ్చింది. జైలుకి సిద్ధపడింది గానీ మాట తప్పలేదు ఆ బక్కపిల్ల.

తర్వాత వంటగది. సంఘం లెక్కలు చూసే తోక్తోకాన్ అక్కడ బోర్సోకులు, అంటే పొంగే పిండి ముక్కలు, నూనెలో వేయిస్తోంది. ఆఫీసు మునిగిపోతున్నా వచ్చినవాళ్లకి పళ్లెం నిండకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. పొద్దున ఐజిరెక్ నిన్ను పిలిచిందా అని అడగ్గానే, పిలిచిందిగా అంది, నూనెలోంచి చూపు తిప్పకుండా.

"ఆ పేరు కొట్టాల్సొస్తే ఎప్పుడూ నన్నే పిలుస్తుంది. పై ముక్క తను రాసుకుంటుంది, కింద పేరు నేను కొట్టేసి వస్తాను. నేను కొట్టేదాకా అటు తిరిగి నిలబడుతుంది పిచ్చిపిల్ల. మంచి పెంపకం."

"ఇది ఎర్నిస్‌కి చెప్పలేదేం?"

"ఆయన నన్నడిగితేగా. టీలో పాలెక్కువయ్యాయన్నాడు, అంతే."

ఐజిరెక్ బల్ల మీద కంప్యూటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఎర్నిస్ సర్వర్ పెట్టె చుట్టూ కాగితం సీళ్లు అంటించాడు గానీ, ఈ తెర వంక కన్నెత్తి చూడలేదు. అక్క కళ్లద్దాలు పెట్టుకుని వంగింది. తెర మీద ఆదేశం రెండు ముక్కలుగా ఉంది. పైన 'పాస్‌వర్డు ఇలా మార్చు' అనే ముక్క. బోలెడు ఖాళీ వదిలి, ఎక్కడో కింద 'ఈ పేరు గలవాడికి మాత్రమే' అనే ముక్క, దాని పక్కన జుమాగాజి పేరు. ఆదేశంలో ఎంతమేర మౌస్‌తో నీలం రంగు వేస్తే ఆ యంత్రం అంతవరకే నడుపుతుంది. ఐజిరెక్ వేసిన నీలం రంగు పైముక్క చివరన ఆగిపోయింది. కింద పేరు తెల్లగానే ఉండిపోయింది.

"చూశావా షైలోబెక్" అంది అక్క. "ఆ పేరు కంటపడకూడదని అంత కిందకి నెట్టుకుంది. చెయ్యి కూడా దాని మీదకి పోలేదు. ఫలానావాడికి మాత్రమే అన్నమాట లేకుండా మార్చమంటే యంత్రం ఎవరికి మారుస్తుంది?"

"అందరికీ" అన్నాను.

నేరం కాదని తేలింది. కానీ పాస్‌వర్డులు రాలేదు, వాటాలు రాలేదు. ఆ పిల్ల జైలు తప్పించుకున్నా, ఆరు వందల ఇళ్ల మేత పోగొట్టిన కోడలిగా ఈ ఊళ్లో ఎలా బతుకుతుంది? అక్క గదంతా కలియజూసింది. గోడ వారన టాబ్లెట్లు చార్జింగు పెట్టుకునే చెక్క అర ఒకటి ఉంది. నాలుగు గూళ్లు, మూడు టాబ్లెట్లు.

"నాలుగోది ఏది?"

ఐజిరెక్ గడప దగ్గర నిలబడి ఉంది. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్ల ఒక్కసారి తలెత్తింది. "ముకాష్ బాబాయి దగ్గరుందక్కా. గొర్రెలకి టీకాలు వెయ్యడానికి సోమవారం కొండకెళ్లాడు. అక్కడ నెట్ ఉండదు కదా, కాపరులు ఆ టాబ్లెట్లోనే తమ పాస్‌వర్డు కొట్టి మందల లెక్క..." అని మధ్యలో ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది.

"కొట్టిన పాస్‌వర్డు సరైందో కాదో ఆ టాబ్లెట్‌కి ఎలా తెలుస్తుంది?" అంది అక్క. ఆవిడకీ జవాబు తెలిసిపోయిందని గొంతులోనే తెలుస్తోంది.

"మొత్తం ఖాతాల కాపీ అందులోనే ఉంటుంది. సోమవారం నాటిది. పాత ముద్దలన్నీ అందులో ఉన్నాయి. వాటిని తెచ్చి మళ్లీ ఇక్కడ పెడితే చాలు, ఎవరి పాత పాస్‌వర్డు వాళ్లకి పనిచేస్తుంది."

నేను చప్పట్లు కొట్టబోయాను. ఐజిరెక్ మొహం చూసి ఆగాను. తెల్లబోయి ఉంది.

"ముకాష్ బాబాయి ఇవాళ తిరిగొస్తున్నాడు. మూడింటికల్లా మేతకొండల కనుమ మీదకొస్తాడు. అక్కడ సిగ్నల్ తగలగానే టాబ్లెట్ తనంతట తనే సర్వర్‌తో కలుస్తుంది. పాతవి తుడిచేసి ఇక్కడి కొత్తవి దింపేసుకుంటుంది."

గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. కనుమకి గంటన్నర దారి, ఎగిరినా అందుకోలేం. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేని చోటున్నాడు. సిగ్నల్ వచ్చిన క్షణాన మనకంటే ముందు టాబ్లెట్టే పలుకుతుంది.

"కొండ మీద ఆపలేకపోతే ఇక్కడ ఆపుదాం" అని అక్క సర్వర్ గది వైపు నడిచింది. ఎర్నిస్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

ఇంటర్నెట్ తీగ ఒక్కటి పీకితే చాలంది అక్క. కుదరదన్నాడు. సీలు వేసిన సాక్ష్యం, కెప్టెన్ వచ్చేదాకా ఒక్క తీగ కదలకూడదు, కదిపితే మీ ఇద్దరి మీదా కేసు పెడతానన్నాడు. టాబ్లెట్ గురించి ఐజిరెక్ చెప్పబోతే, ముద్దాయి సలహాలు నాకక్కర్లేదన్నాడు. అక్క జుమాగాజి వంక తిరిగింది. ఆ పెద్దమనిషి పెదవి కొరుక్కుంటూ, సీలుకి నేనే సంతకం పెట్టానమ్మా, ఇప్పుడు కోడలి కోసం తెంపితే జనం ఏమంటారు అని గొణిగాడు. నాకైతే ఎర్నిస్‌ని చొక్కా పట్టుకుని పక్కకి లాగెయ్యాలనిపించింది.

అక్క మాత్రం నవ్వింది. "సరే తమ్ముడూ. చట్టం చట్టమే. టీ తాగుదాం పద. తోక్తోకాన్, ఆ కరెంటు కెటిల్ పెట్టమ్మా. చలిగా ఉంది, హీటర్ కూడా వెయ్యి."

"రెండూ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతుంది" అంది తోక్తోకాన్.

"పోతే పోనీ."

తోక్తోకాన్ ఒక్క క్షణం అక్క కళ్లలోకి చూసింది. తర్వాత కెటిల్ పెట్టింది, హీటర్ వేసింది, సరిపోదేమోనని బోర్సోకులు వేయించే కరెంటు పొయ్యి కూడా చివరిదాకా తిప్పింది. నడవలో 'ఫట్' మని చప్పుడైంది. దీపాలు ఆరిపోయాయి. సర్వర్ పెట్టెకి బ్యాటరీ ఉంది, అది ఎప్పటిలాగే గుయ్యిమంటోంది. ఇంటర్నెట్ పెట్టెకి లేదు, దాని పచ్చలైటు పోయింది. సీలు ఒక్కటీ చిరగలేదు, తీగ ఒక్కటీ కదల్లేదు.

ఎర్నిస్ నడవలోకి పరిగెత్తాడు. గోడ మీది పెట్టెలో పింగాణీ ఫ్యూజు ఉండాల్సిన చోట కన్నం ఉంది. ఫ్యూజు నా జేబులో ఉంది. ఏదీ అని అరిచాడు. చీకట్లో కనపడటం లేదు, నీ గడియారానికి లైటుంటే వెతుకు అన్నాను.

ఆ తర్వాత ముప్పావుగంట ఎలా గడిచిందో మాకే తెలుసు. ఐజిరెక్ ముకాష్ నంబరుకి కొడుతూనే ఉంది. అందుబాటులో లేదు, అందుబాటులో లేదు. మూడూ పదికి ఒక్కసారిగా అవతల రింగయింది. స్పీకర్లో గాలి హోరు, గుర్రం సకిలింపు, ముకాష్ గొంతు.

"ఏంటమ్మా కోడలా, నీ టాబ్లెట్ సర్వర్ దొరకలేదని ఏడుస్తోంది. మళ్లీ నొక్కనా?"

"వద్దు" అని గదిలో నలుగురం ఒకేసారి అన్నాం.

నెట్ ఆపేసి, టాబ్లెట్‌ని సంచిలో పెట్టుకుని తిన్నగా ఇక్కడికి వచ్చెయ్యమని ఐజిరెక్ చెప్పింది. మేం వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. నేను ఫ్యూజు తీసి దాని చోట పెట్టేశాను. దొరికింది అన్నాను ఎర్నిస్‌తో.

ముకాష్ జీపు అయిదింటికి పది నిమిషాలుందనగా వచ్చింది. బూట్లకి పేడ, మీసాలకి దుమ్ము, ఫెల్టు సంచిలో టాబ్లెట్. ఎర్నిస్ మళ్లీ సర్వర్ గది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఈసారి అక్క అతని వైపు చూడనే లేదు. జుమాగాజి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నా, పొద్దున ఒక మనిషి పాస్‌వర్డు మర్చిపోయాడు. రహస్యంగా మార్పించుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. మీ కోడలు మాట నిలబెట్టుకుంది. ఆ పేరు మీదకి చెయ్యి పోక పొరపాటు చేసింది. ఆయనెవరో తను చెప్పదు. చెప్తే మీరే చెప్పాలి."

వసంతం సభలో అందరి ముందూ జుమాగాజి అన్నమాట ఊరంతా చెప్పుకుంది: పాస్‌వర్డు గుర్తుపెట్టుకోలేనివాడు గొర్రెల్నేం గుర్తుపడతాడని. ఇప్పుడు కల్పాక్ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నేనే" అన్నాడు. "నాలుగు అక్షరాలు మర్చిపోయాను. సిగ్గేసింది." తర్వాత కోడలి వైపు తిరిగాడు. "నా పరువు కోసం జైలుకెళ్తావా తల్లీ?"

"మీరు చెప్పొద్దన్నారు కదా, మామయ్యా" అంది ఐజిరెక్.

ఆయన లేచాడు. ఎర్నిస్‌ని భుజంతో పక్కకి జరిపి, సర్వర్ పెట్టె మీది కాగితం సీళ్లు ఒక్కొక్కటే చించి జేబులో వేసుకున్నాడు. "సంతకం నాదే, చించేదీ నేనే. కానివ్వు తల్లీ, నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

ఐజిరెక్ కూర్చుంది. టాబ్లెట్‌కీ సర్వర్‌కీ తీగ కలిపింది. సోమవారం నాటి ఖాతాలన్నీ వాటి పాత ముద్దలతో సహా వెనక్కి తెచ్చింది. ఈసారి నొక్కేముందు ఆదేశాన్ని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదువుకుంది, అక్కని కూడా చదవమంది. నొక్కింది. గుర్రం పేరు కొట్టి చూడమని, సొంత మంద కూడా ఉన్న ముకాష్‌కి చెప్పింది. ముకాష్ తన పాత పాస్‌వర్డు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. తోక్తోకాన్ అక్కడికక్కడే ఏడ్చేసింది. ముకాష్ ఆ పేడ బూట్లతోనే నన్ను వాటేసుకున్నాడు.

"ఇప్పుడు ఖాతాలున్న అందరి ఫోన్లకీ కబురు పంపు" అంది అక్క. "పాత పాస్‌వర్డే పనిచేస్తుంది, ఆరులోగా ఖరారు చేసుకోండి అని. కొండకి ఒక్కడికి అందినా చాలు, గుర్రమెక్కి మిగిలినవాళ్లకి చెప్తాడు."

అయిదూ పన్నెండుకి కబుర్లు వెళ్లాయి. మొదట ముకాష్ జేబులో, వెంటనే జుమాగాజి జేబులో ఫోన్లు మోగాయి. ముసలాయన తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుకున్నాడు. పాత పాస్‌వర్డే అంట, అదేగా నేను మర్చిపోయింది అన్నాడు. గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వు మధ్యలోనే ఇంకో ఫోన్ మోగింది.

బోర్సోకుల పళ్లెం పక్కన, తెర పైకి పెట్టి ఉన్న ఫోన్ అది. ఎర్నిస్‌ది. అతను చెయ్యి చాచేలోపు నేను తీసి అక్కకి ఇచ్చాను. అక్క పైకి చదివింది. "కోక్-బెల్ పచ్చికల సంఘం. మీ పాత పాస్‌వర్డే పనిచేస్తుంది. ఆరులోగా మీ వాటా ఖరారు చేసుకోండి."

నవ్వులు ఆగిపోయాయి. ఖాతాలున్నవాళ్లకి మాత్రమే వెళ్లిన కబురది.

"అక్కా" అంది ఐజిరెక్ తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఆరు వందల పదమూడు కబుర్లు వెళ్లాయి. మనవాళ్లు ఆరు వందల పన్నెండే. చివరిది ఎవరిదో నాకు తెలీదు. పేరు లేదు, మంద లేదు. కానీ అన్ని వాటాలూ తుడిచెయ్యగలిగే అధికారం ఉంది. ఆదివారం తెరిచారు. ఇవాళ పది దాటాక చెరిపేశారు. ఫోన్ నంబరు లేకుండా ఖాతా తెరవనివ్వదు మన సైటు."

"పదింటికి ఈ గదిలో సీళ్లు వేస్తున్నది ఎవరు?" అంది అక్క. గొంతు పెంచలేదు. "గడువు ముగిసేలోపు వాటాలన్నీ తుడిచి రేపటి వేలంలో పడెయ్యడానికి నిన్ననే వచ్చి కూర్చున్నావు. ఈ పిల్ల పొరపాటు నీ పని సగం చేసిపెట్టింది. నీకిక చెయ్యి పెట్టాల్సిన అవసరం లేకపోయింది. నీ దొంగ ఖాతా చెరిపేసి, నేరం తన నెత్తిన రుద్దావు. పాతవి వెనక్కి రాకూడదని ఎందుకంత పట్టుబట్టావో నాకు మధ్యాహ్నం నుంచీ అర్థం కాలేదు. అందరితో పాటు నువ్వూ వెనక్కి వస్తావని భయం."

ఎర్నిస్ నీళ్లు నమిలాడు. పరీక్ష కోసం తెరిచిన ఖాతా అన్నాడు. కంపెనీకి తెలుసన్నాడు. తలుపు వైపు ఒక అడుగు వేశాడు. తలుపులో జుమాగాజి నిలబడి ఉన్నాడు, కల్పాక్ మళ్లీ నెత్తిన పెట్టుకుని.

ఐజిరెక్ ముందు ఆ పదమూడో ఖాతాకి తాళం వేసింది. ఆ తర్వాత తెర మీద ఒక వరస పచ్చగా మారింది. ఎవరో కాపరి తన వాటా ఖరారు చేసుకున్నాడు. ఇంకోటి పచ్చబడింది. ఆపైన పది, ఇరవై, కళ్లతో లెక్కపెట్టలేనన్ని. తోక్తోకాన్ ఒక్కొక్క పేరూ పైకి చదువుతోంది, ముకాష్ ప్రతి పేరుకీ ఆ ఇంటి గుర్రం రంగు చెప్తున్నాడు. బయట పోలీసు జీపు ఆగిన చప్పుడైంది. కెప్టెన్ లోపలికొచ్చి, ఫోన్లో చెప్పిన ముద్దాయి ఎవరు అని అడిగాడు.

అక్క ఎర్నిస్ ఫోన్ని అతని కళ్ల ముందే కెప్టెన్ చేతిలో పెట్టింది.

"సంఘంలో ఇతనికీ ఒక ఖాతా ఉంది కెప్టెన్ గారూ, వాటా ఒక్కటే ఇంకా ఖరారు కాలేదు" అంది. తర్వాత చాలా మర్యాదగా ఎర్నిస్ వైపు తిరిగింది. "చెప్పు తమ్ముడూ, మీ గొర్రెలు ఏ కొండ మీద మేస్తున్నాయి?"